పాత ఇంజనులోని అతుకులు

సికింద్రాబాదు నగరమున రాణిగంజ్ అను పేట యంత్రపరికరముల వర్తకమునకు పేరుగాంచినది. నీటి పంపులు, మోటార్లు, బేరింగులు, గొలుసులు, బోల్టులు మొదలగునవి అచటి దుకాణములలో దొరకును. పల్లెలనుండి వచ్చిన రైతు, పాడైన విడిభాగమును సంచిలో తెచ్చి, దానికి సరిజోడును వెదకికొని పోవుట అచట నిత్యము కనబడు దృశ్యము. 1806వ సంవత్సరమున సైనికస్థావరముగా వెలసిన ఈ నగరమునకు 1874లో వాడి జంక్షను నుండి రైలుమార్గము వచ్చెను. 1893లో లాలాగూడ యందు రైల్వే కర్మాగారము స్థాపింపబడెను. ఇనుమును తొలుచుట, చిత్రికపట్టుట, అతుకుట అను విద్యలు ఈ విధముగా ఇచట తరతరములుగా పెంపొందినవి.

ఆ విద్యలకు తోడుగా పనివారు నేర్చుకొనవలసిన విద్య మరియొకటి గలదు. ఒకప్పుడు ఎవరో చేసిన మరమ్మతు నేటికి పనికివచ్చునా, రాదా అని నిర్ణయించుటయే ఆ విద్య. పాత ట్రాక్టరును పునరుద్ధరింపదలచిన వానికి ఇదియే మొదటి పని. దీనిని గూర్చి ఈ పాఠమున తెలిసికొందము.

మన దేశమున ట్రాక్టర్ల వాడుక స్వాతంత్ర్యానంతరము విస్తరించినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అమెరికా సైన్యము విడిచిపోయిన ట్రాక్టర్లతో కేంద్ర ట్రాక్టరు సంస్థ రెల్లుగడ్డి అల్లుకొన్న బీళ్లను దున్నించెను. 1959లో ఫరీదాబాదు నందు ఐషర్ సంస్థ మన దేశమున నిర్మింపబడిన తొలి ట్రాక్టరును వెలువరించెను. 1960లో మద్రాసున టాఫే సంస్థయు, 1963లో మహీంద్రా వారి భాగస్వామ్యముతో ఇంటర్నేషనల్ ట్రాక్టరు కంపెనీయు ఏర్పడెను. 1971లో హెచ్.ఎం.టి. సంస్థ చెకోస్లొవేకియా దేశపు జెటార్ నమూనాతో ట్రాక్టర్లను చేయసాగెను. ఇంతలో, 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలబడెను. నల్లగొండ, గుంటూరు మొదలగు జిల్లాలలో మాగాణి పెరిగెను. దుక్కికి యంత్రముల అవసరమును పెరిగెను.

అయితే ఆ కాలమున విడిభాగములు సులభముగా దొరకెడివి కావు. 1950ల చివరి భాగమున దేశమునకు విదేశమారకద్రవ్యము కొరవడగా ప్రభుత్వము దిగుమతులను కట్టడిచేసెను. నాట్లవేళ ట్రాక్టరు ఆగిపోయినచో రైతు విదేశమునుండి ఓడ వచ్చువరకు ఎదురుచూడలేడు గదా! కావున మిస్త్రీ చేతనున్న సామగ్రితోనే యంత్రమును నడిపింపవలసి వచ్చెడిది. లేతుపై బుష్షును తొలిచెడివాడు. పగిలిన పోత ఇనుమును ఇత్తడితో అతికెడివాడు. అరిగిన భాగమును మరల మరల సవరించెడివాడు. కొన్ని మరమ్మతులు గొప్ప నైపుణ్యముతో జరిగినవి. కొన్ని ఆ పంట గడచుటకు మాత్రమే జరిగినవి. నేడు అట్టి ఇంజనును విప్పిన వానికి రెండు విధములైన మరమ్మతులును ప్రక్కప్రక్కనే కనబడును.

ఇచట ఇద్దరు పొరబడుదురు. మొదటివాడు, “పాత పని యంతయు పారవేయుడు; అన్నియు కొత్తవి వేయుడు” అనును. అతడు అనవసరముగా ధనమును, మరల దొరకని పాత భాగములను పోగొట్టుకొనును. రెండవవాడు, “ఇన్నాళ్లు నడిచినది, ఇకపైనను నడచును” అనును. అరిగిన ఇంజను నెమ్మదిగా నడచినంతకాలము దాగియున్న లోపము, దానికి కొత్త బలము చేకూర్చిన పిమ్మట బయటపడవచ్చునని అతడు గ్రహింపడు. వీరిద్దరును ఇంజనును పరీక్షింపకయే తీర్పు చెప్పుచున్నారు. మరమ్మతు ఎంత బరువును మోయుచున్నదో తెలిసికొని, దానిని కొలిచి చూచి, ఆ తరువాతనే దాని విలువను నిర్ణయింపవలెను.

ఉదాహరణకు 1960ల నాటి మాస్సీ ఫెర్గూసన్ 35 ట్రాక్టరు ఒకటి మన ముందున్నదనుకొందము. పెర్కిన్స్ వారి మూడు సిలిండర్ల డీజిలు ఇంజను దానికి అమర్చబడినది. సిలిండరు వ్యాసము 91.44 మిల్లీమీటర్లు, పిస్టను పైకిని క్రిందికిని కదలు దూరము 127 మిల్లీమీటర్లు. మూడు సిలిండర్లును కలిసి సుమారు 2,500 ఘనపు సెంటీమీటర్ల పరిమాణము గలవి. ఈ ఇంజనులోని పాత మరమ్మతులను ఎట్లు పరీక్షింపవలెనో క్రమముగా చూతము.

మొట్టమొదట ఇంజనును కడుగరాదు. మట్టియు జిడ్డును గూడ సాక్ష్యములే. ఎచట నూనె కారి దుమ్ము గట్టిపడినదో, ఎచట నీరు కారి తుప్పు చార ఏర్పడినదో ముందుగా చూచి వ్రాసికొనవలెను. ఒకచోట మాత్రము రంగు దళసరిగా నున్నచో, లేదా లప్పము పూసినట్లున్నచో, దాని వెనుక ఏమున్నదో గీకి చూడవలెను. అన్ని బోల్టులు ఒక తీరుగ నుండగా ఒకటి వేరుగా నున్నచో దానిని గుర్తింపవలెను. అంగుళపు మరలు గల రంధ్రమున మిల్లీమీటరు బోల్టును బలవంతముగా బిగించిన వాడు లోపలి మరలను చెరిచియుండును. యజమానిని, పూర్వము దానిని నడిపిన వారిని అడిగి, ఏ సంవత్సరమున ఏమి జరిగెనో తెలిసికొనవలెను.

పిమ్మట క్రింది తొట్టిలోని నూనెను సన్నని బట్టగుండ వడపోయవలెను. నూనె పాలవలె తెల్లబారినచో దానిలో నీరు కలిసినదని అర్థము. బట్టపై మిగిలిన లోహపు రజనును అయస్కాంతముతో తాకవలెను. అయస్కాంతమునకు అంటుకొన్నది ఇనుము లేక ఉక్కు. అంటుకొనని పసుపుపచ్చని రజను కంచు బుష్షులనుండి వచ్చియుండును. బూడిదరంగున మెరయు పలుచని పొరలు బేరింగులనుండి ఊడినవి కావచ్చును. ఇంజను తిరుగుచున్నచో దాని పొగను గమనింపవలెను. నీలిపొగ నూనె మండుటను తెలుపును. నల్లపొగ ఇంధనము ఎక్కువగుటనో, గాలి చాలకుండుటనో తెలుపును. విడువక వచ్చు తెల్లపొగ మండని ఇంధనమునకో, సిలిండరులో చేరిన నీటికో గుర్తు. ఇంజను బిగుసుకొని తిరుగనిచో దానిని బలవంతముగా త్రిప్పరాదు.

ఇక పగుళ్ల సంగతి. చలిదేశములలో ఇంజనులోని నీరు గడ్డకట్టి ఉబ్బుటచే బ్లాకు పగులును. మన దక్కను పీఠభూమిలో దానికి కారణము వేరు. వేసవి దుక్కిలో రేడియేటరులోని నీరు మరిగి ఇగిరిపోవును. డ్రైవరు తొందరపడి, ఎర్రగా కాగిన ఇంజనులో చన్నీళ్లు పోయును. పోత ఇనుము ఒకచోట హఠాత్తుగా ముడుచుకొని, ప్రక్కచోట ముడుచుకొనక, బీటవారును.

ఆ బీటను కనుగొనుటకు ఒక పాత పద్ధతి గలదు. రైల్వే కర్మాగారములలో ఇరుసులను పరీక్షించుటకు 19వ శతాబ్దినుండియు ఇట్టి పద్ధతిని వాడిరి. విడదీసిన భాగమును శుభ్రపరచి, అనుమానమున్నచోట కిరసనాయిలు పూసి, కొంతసేపు నాననిచ్చి, పైభాగమును పూర్తిగా తుడిచి, సుద్దపొడిని పలుచగా అద్దవలెను. బీటలోనికి ఇంకిన కిరసనాయిలు మరల పైకి ఊరి, తెల్లని సుద్దపై నల్లని గీతవలె కనబడును. దీనికి ఖరీదైన పరికరమేదియు అక్కరలేదు; ఓర్పు మాత్రము కావలెను. నేడు ఇదే సూత్రముపై రంగుద్రవములతో మరింత సూక్ష్మమైన పరీక్షలు చేయుచున్నారు.

మన ఇంజను బ్లాకు వెలుపలిగోడపై ఇత్తడితో అతికిన వికారమైన మచ్చ ఒకటి కనబడినదనుకొందము. అనుభవము లేనివాడు దానిని చూడగానే బ్లాకును తీసిపారవేయ జూచును. కాని ఆ గోడ మోయు భారమెంత? దాని లోపల నున్నది నీరు మాత్రమే. నీటి వేడిని, కొలదిపాటి ఒత్తిడిని అది తట్టుకొన్న చాలును. బ్లాకులోని నీటిదారులను మూసి, ఒత్తిడితో నీరు నింపి చూచినప్పుడు చుక్కయైన కారనిచో, బీట అతుకును దాటి ప్రాకియుండనిచో, ఆ మరమ్మతు మంచిదే. దానిని కదలింపరాదు. మంచి అతుకును విప్పి మరల వేడిచేసినచో కొత్త పగులు పుట్టు ప్రమాదము గలదు. అదే బీట క్రాంకు షాఫ్టును మోయు అడ్డుగోడలో నున్నచో తీర్పు వేరగును. ప్రతి ప్రేలుడు బలమును ఆ గోడయే భరింపవలెను. అచట ఎంత అందమైన అతుకు ఉన్నను నిపుణుడు దానిని నమ్మడు. అతుకు ఒకటే, అది ఉన్న స్థానమును బట్టి దాని విలువ మారినది.

తరువాత బేరింగులను చూడవలెను. పిస్టనుల రాకపోకలను గుండ్రని తిరుగుడుగా మార్చు వంకర ఇరుసును క్రాంకు షాఫ్టు అందురు. పిస్టనును ఈ ఇరుసుతో కలుపు చేతిని కనెక్టింగు రాడ్డు అందురు. రాడ్డు క్రిందికొన రెండు అర్ధవలయములుగా నుండును. క్రింది సగమును క్యాపు అందురు. వాని లోపల మెత్తని లోహపు పూతగల రెండు పలుచని చిప్పలుండును. ఇవియే బేరింగులు.

ఇరుసు మెడ అరిగినప్పుడు దానిని సానబట్టి సన్నగా చేసి, దానికి తగినట్లు దళసరి చిప్పలను వేయుట సరియైన పద్ధతి. ఆ చిప్పల వెనుక 0.010, 0.020, 0.030 అని అంగుళములలో ముద్ర యుండును. 0.020 అనగా ఇరుసు సుమారు అర మిల్లీమీటరు సన్నగా సానబట్టబడినదని భావము. ముద్రను చదివినంతమాత్రమున పని తీరదు. ఇరుసు మెడను మైక్రోమీటరుతో పలుచోట్ల కొలిచి, ముద్రతో సరిపోవుచున్నదేమో చూడవలెను. మెడ ప్రక్కగోడతో కలియుచోట చిన్న వంపు ఉండవలెను. సానబట్టినవాడు అచట పదునైన మూలను విడిచినచో, సంవత్సరములకైనను ఆ మూలలోనే పగులు మొలచును. ఇంకను పాతవగు ఇంజనులలో చిప్పలకు మారుగా బాబిట్ లోహమును పోతపోయుట గలదు. 1839లో ఐజాక్ బాబిట్ అను అమెరికా దేశస్థుని పేర వెలసిన ఈ మెత్తని మిశ్రలోహమున తగరము ప్రధానము. పోత గట్టిగా అంటియున్నదో లేదో తెలిసికొనుటకు పైన చెప్పిన కిరసనాయిలు, సుద్ద పరీక్షయే ఉపకరించును.

మన ఇంజనులో వెలుపల అంతయు కొత్త రంగుతో మెరయుచున్నది. క్రింది తొట్టి చూడముచ్చటగా నున్నది. దానిని విప్పి క్యాపును తీయగా, దాని అంచులు ఆకురాతితో రాచినట్లు కనబడినవనుకొందము. పూర్వమెప్పుడో బేరింగు వదులై తట్టుడు శబ్దము వచ్చినది. ఇరుసును సానబట్టుటకు వ్యవధి లేక, క్యాపు అంచులను రాచి, దానిని ఇరుసుకు దగ్గరగా బిగించిరి. శబ్దము ఆగినది, నాడు ట్రాక్టరు పొలమునకు పోయినది. కాని జరిగినదేమి? పైనుండి క్రిందికి సందు తగ్గినది; ప్రక్కలకు తగ్గలేదు. గుండ్రని రంధ్రము కోడిగ్రుడ్డు ఆకారమును పొందినది. చిప్ప తన గూటిలో సమముగా ఒదిగి కూర్చుండవలెను. అట్లుండిననే అది కదలక నిలుచును, వేడిని రాడ్డునకు అందించును. గూడు వంకరయైనచో చిప్ప ఒకచోట నలిగి, మరియొకచోట వదులగును. చిప్ప వెనుక కాగితమునో రేకుముక్కనో పెట్టుటయు ఇట్టి కీడునే కలిగించును.

దీని ఫలితము సామాన్యమైనది కాదు. ఇంజను నిమిషమునకు 2,000 మార్లు తిరుగునప్పుడు పిస్టను నిమిషమునకు 4,000 మార్లు ఆగి వెనుకకు మరలును. అది పైకొననుండి మరలునప్పుడు దానిని లాగి పట్టుకొనునవి క్యాపు బోల్టులే. బేరింగు చెడి బోల్టు తెగినచో రాడ్డు బ్లాకును ఛేదించుకొని వెలికి వచ్చును. ప్రక్కన నిలుచున్నవానికి ప్రాణాపాయము. రైతునకు ఇంజను నష్టము. కావున ఈ రాడ్డును యంత్రశాలకు పంపి గూటిని మరల గుండ్రముగా సరియైన కొలతకు తొలిపింపవలెను, వీలుకానిచో మార్చవలెను. వికారమైన ఇత్తడి మచ్చ నిలిచినది, అందమైన తొట్టి వెనుకనున్న పని ఓడినది. కంటికి ఇంపుగా నుండుట మరమ్మతునకు కొలమానము కాదు.

సిలిండరులను గూడ కొలతతోనే పరీక్షింపవలెను. ప్రతి సిలిండరును పైన, నడుమ, క్రింద, ఇరుసు పొడవువెంట ఒకమారు, దానికి అడ్డముగా ఒకమారు కొలువవలెను. పై భాగమున అడ్డముగా 91.70, పొడవువెంట 91.55 మిల్లీమీటర్లు వచ్చినవనుకొందము. రెంటి భేదము 0.15 మిల్లీమీటరు. ఇది సిలిండరు గుండ్రనిరూపము చెడుటకు కొలత. క్రింద అడ్డముగా 91.52 వచ్చినచో పైకిని క్రిందికిని భేదము 0.18 మిల్లీమీటరు. ఇది గరాటువలె అరుగుటకు కొలత. వీనిని తయారీదారుల పుస్తకములోని హద్దులతో పోల్చవలెను. ఇట్టి సిలిండరులో ఎవరైనను కొత్త పిస్టను వలయములు మాత్రము వేసి విడిచియున్నచో అది సగము మరమ్మతే. గుండ్రని వలయము గుండ్రముకాని రంధ్రమున పూర్తిగా ఆనజాలదు.

ఇంజను తలకట్టును, అనగా హెడ్డును, చదునైన ఉక్కుబద్దతోను సందుకొలత రేకులతోను పరీక్షింపవలెను. వంగిన హెడ్డును పూర్వులు చదునుగా చిత్రికపట్టించియుందురు. ఒకమారు చేసినచో మంచిదే. పలుమార్లు చేసినచో హెడ్డు పలుచబడి, వాల్వులు పిస్టనునకు తగులునంత దగ్గరకు రావచ్చును. కావున మిగిలిన దళసరిని, వాల్వుల లోతును కొలువవలెను. ఇంధన పంపునకు కర్మాగారమువారు సన్నని తీగతో సీసపు ముద్ర వేయుదురు. ఆ ముద్ర తెగియున్నచో ఎవరో ఇంధనమును హెచ్చించియుండవచ్చును, లేదా వేగమును అదుపుచేయు గవర్నరును కదల్చియుండవచ్చును. వేగము అదుపుతప్పుట డీజిలు ఇంజనునకు గొప్ప ప్రమాదము. అట్టి పంపును పరీక్షాయంత్రముపై సరిచేయింపక అమర్చరాదు.

ఇన్ని పరీక్షలు ముగిసిన పిమ్మట మరమ్మతులను మూడు వరుసలుగా వ్రాసికొనవలెను. కొలతకు నిలిచి, తన భారమును మోయగలిగినవి మొదటి వరుస; వానిని అట్లే ఉంచవలెను. పద్ధతి మంచిదై, కాలముచే అరిగినవి రెండవ వరుస. వానిని అదే పద్ధతిలో మరల చేయవలెను. మొదటినుండియు తప్పుదారిని పోయినవి మూడవ వరుస. వానిని తొలగించి, అవి చెరిచిన భాగమును గూడ సరిదిద్దవలెను. ఏది ఏ వరుసకు చెందునో, ఏ కొలతను బట్టి అట్లు నిర్ణయించితిమో పుస్తకమున వ్రాసి, ఛాయాచిత్రములు తీసి ఉంచవలెను. ట్రాక్టరును అమ్మునప్పుడు ఆ పుస్తకమును కొనువానికి ఇయ్యవలెను. రంగు క్రింద లోపమును దాచి అమ్మినవాడు కొన్నవాని ప్రాణమును పణముగా పెట్టినవాడగును.

రేపు ఎవరో ఈ ఇంజనునే మరల విప్పుదురు. నేడు మనము చేసిన పని వారికి పాత మరమ్మతు అగును. మనము పూర్వులను కొలిచినట్లే వారును మనలను కొలుతురు. విడిభాగములు కరవైన దినములలో లేతుపై బుష్షును తొలిచి, అది నేటికిని కొలతకు సరిపోవునట్లు చేసిన అజ్ఞాత మిస్త్రీకి మనము ఇయ్యగల గౌరవము ఒక్కటే. ఆ బుష్షును శ్రద్ధగా కొలిచి, సరిగానున్నదని వ్రాసి, దానిని దాని స్థానముననే మరల అమర్చుట.

ప్రశ్నలు

1. పాత ఇంజనును కడుగుటకు ముందే ఎందుకు పరీక్షింపవలెను?
2. బీటను కనుగొనుటకు కిరసనాయిలు, సుద్ద ఎట్లు ఉపయోగపడును?
3. బ్లాకు వెలుపలిగోడపైనున్న అతుకును ఉంచి, రాచిన క్యాపును తిరస్కరించుటకు కారణమేమి?
4. మీ ఊరిలో మరమ్మతు జరిగిన ఒక పాత వస్తువును చూచి, ఆ మరమ్మతు మూడు వరుసలలో దేనికి చెందునో కారణములతో వ్రాయుడు.